లెక్క తప్పిందా? ఎలా చేశావని అడగండి



సాయంత్రం ఆరు గంటల వేళ. పుదూరు చుట్టుపక్కల ఊళ్లలో, మన తెలుగు ఇళ్లలో, చేలోంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుంటూ ఉంటారు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పని ముగించుకుని వచ్చినవాళ్లు పొయ్యి వెలిగిస్తూ ఉంటారు. అరుగు మీద ఒక పాప లెక్కల నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చుంది అనుకోండి. మూడో తరగతి చదువుతోంది. నలభై రెండులోంచి పదిహేడు తీసివేయమని లెక్క. పాప ముప్పై ఐదు అని రాసింది. టీచరు ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు పెట్టి పంపారు. మీరు ఆ నోటుబుక్కు చూశారు. ఇప్పుడు మీరేం చేస్తారు?

మనలో చాలామంది చేసేది రెండింటిలో ఒకటి. "మనసు పెట్టి చెయ్యవు, అందుకే తప్పుతావు" అని కోప్పడతాం. లేకపోతే "మాకేం తెలుసు, ట్యూషనుకు పంపిద్దాం" అనుకుంటాం. ట్యూషనులో అలాంటివే ఇంకో పది లెక్కలు ఇస్తారు. పాప ఆ పదింటిలోనూ అదే తప్పు చేస్తుంది. ఇవాళ్టి ప్రసంగంలో మూడో దారి ఒకటి చెబుతాను. దానికి డబ్బు ఖర్చు లేదు. పెద్ద చదువూ అక్కర్లేదు. పాప పక్కన కూర్చుని, "ఎలా చేశావమ్మా?" అని అడగడం. అడిగి, చెప్పేదంతా ఓపికగా వినడం.

అడిగి చూడండి. పాప ఇలా చెబుతుంది: "నాలుగులోంచి ఒకటి పోతే మూడు. ఏడులోంచి రెండు పోతే ఐదు. ముప్పై ఐదు." ఇప్పుడు మీకు సంగతి తెలిసింది. పాప మనసు పెట్టే చేసింది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసివేయాలని ఒకటో తరగతిలో నేర్చుకుంది. ఆ నియమాన్నే ఇక్కడా తు.చ. తప్పకుండా పాటించింది. ఆమెకు నలభై రెండు అనేది నాలుగు పదులు, రెండు ఒకట్లుగా కనిపించడం లేదు. నాలుగు, రెండు అనే రెండు విడి అంకెలుగా కనిపిస్తోంది. తప్పు మొదలయింది అక్కడ. అక్కడ సరిచేయకుండా ఇంకో వంద తీసివేతలు చేయించినా, ఆ తప్పే వందసార్లు అలవాటవుతుంది.

మరి సరిచేయడం ఎలా? మన ప్రాంతంలో అగ్గిపుల్లలకు కరువు లేదు. మందు అంటించని పుల్లలు తీసుకోండి. పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టించండి. "ఇందులోంచి నాకు పదిహేడు ఇవ్వు కన్నా" అనండి. పాప ఒక కట్ట ఇస్తుంది. ఏడు విడి పుల్లలు ఇవ్వబోయి ఆగిపోతుంది. "అక్కా, విడి పుల్లలు రెండే ఉన్నాయే, ఏడు ఎట్లా ఇచ్చేది?" అని అడుగుతుంది. మీరు వెంటనే చెప్పకండి. కాసేపు ఊరుకోండి. కొంతసేపటికి పాపే, "కట్ట విప్పచ్చా?" అంటుంది. విప్పితే పన్నెండు విడి పుల్లలు. ఏడు ఇస్తే ఐదు మిగిలాయి. రెండు కట్టలు మిగిలాయి. ఇరవై ఐదు. బడిలో 'అప్పు తెచ్చుకోవడం' అని నేర్పేది ఈ కట్ట విప్పడమే అని ఇక ఆమె మరిచిపోదు.

శ్రోతలారా, లెక్కల్లో రెండు విషయాలుంటాయి. ఒకటి పద్ధతి, అంటే ఏ అంకె కింద ఏ అంకె వేయాలి, ఎక్కడ గీత గీయాలి అన్నది. రెండోది భావన, అంటే అలా ఎందుకు చేస్తున్నాం అన్నది. మనం చదువుకున్న రోజుల్లో పద్ధతి వస్తే చాలనుకునేవాళ్లం. ఇప్పటి పుస్తకాలు అలా లేవు. 2005లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, పిల్లవాడు గణితంగా ఆలోచించడం నేర్చుకోవాలన్నదే గణిత బోధనకు ముఖ్య లక్ష్యమని చెప్పింది. తమిళనాడులో 2018 నుంచి కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయి. బొమ్మలు, చిక్కుప్రశ్నలు, నిత్యజీవితంలోంచి తీసుకున్న సమస్యలు వాటిలో కనిపిస్తాయి. "ఈ కాలపు లెక్కలు మాకు అర్థం కావు" అని తల్లిదండ్రులు అనేది అందుకే. పుస్తకం భావన అడుగుతోంది. ఇంట్లో, ట్యూషనులో మనం ఇంకా పద్ధతినే అప్పజెప్పిస్తున్నాం.

ఇందులో మన ప్రాంతానికి పట్టిన సంగతి ఒకటుంది. కోవిల్‌పట్టి, శాత్తూరు, శివకాశి ఊళ్ల చుట్టూ ఒకప్పుడు ఎంతోమంది పిల్లలు బడి ఈడులోనే అగ్గిపెట్టెల పనికి, బాణసంచా పనికి వెళ్లారు. 1986లో బాలకార్మికుల నిషేధ, నియంత్రణ చట్టం వచ్చింది. శివకాశి పిల్లల కేసులో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. పిల్లలు బడికి చేరారు. ఆ తరువాతి మాట కూడా చెప్పుకోవాలి. పన్నెండో తరగతి ఉత్తీర్ణత శాతంలో విరుదునగర్ జిల్లా ఎన్నో సంవత్సరాలు రాష్ట్రానికి మొదటి స్థానంలో నిలిచింది. అది గర్వించదగిన విషయం. అయితే పరీక్ష పాసు కావడం ఒకటి, పాఠం అర్థం కావడం ఇంకొకటి. గైడులో జవాబులు బట్టీ పట్టి పాసయిన పిల్లవాడు పాలిటెక్నిక్‌లోనో, ఇంజనీరింగులోనో, ఐటీఐలోనో చేరిన మొదటి నెలలోనే తడబడతాడు. "నాకు లెక్కలు రావు" అని తనకు తానే ముద్ర వేసుకుంటాడు. ఆ ముద్ర పడ్డాక ఎన్నో ఉద్యోగాల తలుపులు తట్టడానికి కూడా వెనకాడతాడు. అగ్గిపెట్టెల పనిలో బాల్యం పోగొట్టుకున్న అవ్వల మనవళ్లకు, మనవరాళ్లకు మనం ఇవ్వవలసింది పాసు మార్కులతో ఆగిపోకూడదు.

ఇక ట్యూషను సంగతి. మనం సాధారణంగా చూసే ట్యూషనులో ఇరవై ముప్పై మంది ఒక గదిలో కూర్చుంటారు. పొద్దున బడిలో చెప్పిందే సాయంత్రం మళ్లీ చెబుతారు. పొద్దున అర్థం కానిది, అదే మాటల్లో చెబితే సాయంత్రం ఎలా అర్థమవుతుంది? ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం అంటే, ఆ పిల్లవాడి ఆలోచన ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టడం. ఎనిమిదో తరగతి పిల్లవాడికి బీజగణితం రాకపోతే, కారణం ఐదో తరగతి భిన్నాల్లో ఉండవచ్చు. అప్పుడు ఐదో తరగతికి దిగి రావాలి. దిగి రావడం చిన్నతనం కాదు. పునాది చూడకుండా పై అంతస్తు పగుళ్లకు సున్నం పూస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇది కొత్త మాట కూడా కాదు. 1984లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ ఒక వ్యాసం ప్రచురించారు. గురువు పక్కన కూర్చుని, ఒక మెట్టు పూర్తిగా వచ్చాకే తరువాతి మెట్టు ఎక్కుతూ నేర్చుకున్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని 100 మందిలో 98 మందిని మించిపోయాడని అందులో చూపించారు. తరువాతి అధ్యయనాల్లో అంత పెద్ద తేడా కనిపించలేదు. మేలు జరుగుతుందన్న మాట మాత్రం నిలిచింది.

అంత దూరం పోనక్కర్లేదు. మన తెలుగునాట, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో, చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం చిన్న చిన్న బడులు నడిపారు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు. అందరికీ ఒకే పాఠం చెప్పడం కుదరదు. అందుకని పాఠాలను చిన్న చిన్న కార్డులుగా చేసి, నిచ్చెన మెట్లలా పేర్చారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటే ఆ మెట్టు కార్డు తీసుకుంటాడు. ఆ పద్ధతిని తమిళనాడు విద్యాశాఖవారు చూసి వచ్చారు. 2003లో చెన్నై కార్పొరేషను బడుల్లో, 2007 నుంచి రాష్ట్రమంతటా ప్రాథమిక బడుల్లో, కృత్యాల ద్వారా నేర్పే పద్ధతిగా ప్రవేశపెట్టారు. తెలుగు పల్లెల్లో పెరిగిన ఒక ఆలోచన ఇలా తమిళ పల్లెలకు చేరింది.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. పిల్లలు చాలా నెలలు చదువుకు దూరమయ్యారు. ఆ లోటు తీర్చడానికి 2021 అక్టోబరు 27న 'ఇల్లం తేడి కల్వి' పథకం మొదలయింది. ఇల్లు వెతుక్కుంటూ వచ్చే చదువు అని ఆ పేరుకు అర్థం. ఊళ్లోవాళ్లే వాలంటీర్లుగా సాయంత్రం గంట, గంటన్నర పాటు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు చదువు చెప్పారు. 2022లో 'ఎణ్ణుం ఎళుత్తుం' వచ్చింది. అంటే అంకె, అక్షరం. చిన్న తరగతుల పిల్లలను వాళ్లకు వచ్చినదాన్ని బట్టి అరుంబు, మొట్టు, మలర్ అని మూడు స్థాయిలుగా చూశారు. మన మాటల్లో చెప్పాలంటే చిగురు మొగ్గ, పెద్ద మొగ్గ, పువ్వు. ఈ ప్రయత్నాలన్నిటిలోనూ కనిపించే సూత్రం ఒకటే. పిల్లవాడి తరగతి ఏదని కాక, అతను ఏ మెట్టు మీద ఉన్నాడని చూడాలి.

ఇప్పుడు మన భాష సంగతి. "ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, లెక్కల పుస్తకం కొందరికి ఇంగ్లీషు. పిల్లలు మూడింటి మధ్య నలిగిపోతున్నారు, ఇంట్లో కూడా తమిళమే మాట్లాడదామా?" అని కొందరు అడుగుతారు. వద్దు. మన ఇంటిమాట లెక్కలకు చేసే సాయం ఎంతో ఉంది. ఒక్కసారి చెవిపెట్టి వినండి.

ఇంగ్లీషులో 'ఫోర్టీన్' అంటే నాలుగు ముందు వినిపిస్తుంది, పది తరువాత వస్తుంది. అందుకే చిన్నపిల్లలు కొందరు ఫోర్టీన్ అనగానే నాలుగు ముందు వేసి నలభై ఒకటి రాస్తారు. తెలుగులో పద్నాలుగు. పది ముందు, నాలుగు తరువాత. రాసే వరసా అదే. తమిళంలో పదినాలు కూడా ఇంతే. ఇక తమిళంలో తొంభైని తొణ్ణూఱు అంటారు. అందులో నూరు వినిపిస్తుంది. తొమ్మిది వందలను తొళ్ళాయిరం అంటారు. అందులో ఆయిరం, అంటే వెయ్యి, వినిపిస్తుంది. చెవితో విని రాసే పిల్లవాడికి ఇక్కడ గందరగోళం కలగవచ్చు. తెలుగులో 'తొమ్మిది వందలు' అని తేటగా ఉంది. "తొళ్ళాయిరం అంటే మన తొమ్మిది వందలే నాయనా" అని ఒక్క మాట చెబితే చిక్కు విడిపోతుంది.

భిన్నాల్లో ఈ సాయం ఇంకా ఎక్కువ. ఇంగ్లీషులో 'వన్ బై త్రీ' అని చదువుతారు. ఒకటి ముందు, మూడు తరువాత. అది ఏం చేయమంటోందో ఆ మాటలో తెలియదు. తెలుగులో 'మూడింట ఒకటి' అంటాం. ముందు మూడు సమభాగాలు చెయ్యి, అందులో ఒకటి తీసుకో అని ఆ మాటే చెబుతోంది. తమిళంలో 'మూన్ఱిల్ ఒన్ఱు' అన్నా అదే వరస. బడిలో తమిళ మీడియంలో భిన్నాన్ని పిన్నం అంటారు. మాట ఒకటే, పలుకుబడి వేరు. కింది అంకెను పగుది, పై అంకెను తొగుది అంటారు. పరీక్షలో ఆ మాటలే రాయాలి గనుక అవి తప్పక నేర్పండి. అర్థం మాత్రం పిల్లవాడికి బాగా తెలిసిన భాషలో చెప్పండి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ గారు తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష ఉండడం లోటు కాదనడానికి ఆయన మన కళ్లముందు నిదర్శనం.

ఇక ఒక భిన్నాల లెక్క చూద్దాం. అరకు, మూడింట ఒకటిని కలపాలి. ఆరో తరగతి అబ్బాయి పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపి 'ఐదింట రెండు' అని రాశాడు. తప్పు అని కొట్టివేయకండి. "నీ జవాబు సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడగండి. ఐదింట రెండు సగానికి తక్కువ. ఆ సంగతి అబ్బాయికే తడుతుంది. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా?" అని అడగండి. అబ్బాయి నవ్వుతాడు. తన తప్పు తనే పట్టుకున్న నవ్వు అది. అప్పుడు కోవిల్‌పట్టి కడలైమిఠాయి తీసుకురండి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన మన మిఠాయే. పన్నెండు సమానమైన ముక్కలు పరచండి. అందులో సగం ఆరు. మూడింట ఒకటి నాలుగు. కలిపితే పది. పన్నెండింట పది, అంటే ఆరింట ఐదు. ముక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉంటేనే కలిపి లెక్కపెట్టగలం. కిందివాటిని సమానం చేయమని పుస్తకం చెప్పేది అందుకోసమే. చివరికి మిఠాయి ఎలాగూ పిల్లలదే.

దశాంశాల్లో ఇంకో చిక్కు ఉంది. 1.5 పెద్దదా, 1.45 పెద్దదా అంటే చాలామంది పిల్లలు 1.45 అంటారు, ఐదు కంటే నలభై ఐదు పెద్దది గనుక. మిరపకాయలు తూచే కాటా దగ్గర అడగండి. "ఒకటిన్నర కిలో ఎక్కువా, దానికి యాభై గ్రాములు తక్కువైనది ఎక్కువా?" బడిలో తప్పు చెప్పిన పిల్లవాడే ఇక్కడ తడుముకోకుండా సరిగ్గా చెబుతాడు. అతనికి తెలివి లేక కాదు. కాటా మీది అంకెకు, పుస్తకంలోని అంకెకు మధ్య వంతెన ఎవరూ వేయలేదు. ఆ వంతెన వేయడమే మన పని.

పొలం ఉన్న ఇళ్లలో వైశాల్యం, చుట్టుకొలత నేర్పడం సులువు. ఎనభై అడుగుల తాడు తీసుకుని వాకిట్లో చతురస్రంగా పరచండి. ఒక్కో వైపు ఇరవై అడుగులు. లోపలి చోటు 400 చదరపు అడుగులు, ఒక సెంటుకు కాస్త తక్కువ. అదే తాడును ముప్పై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పుతో పరచండి. ఇప్పుడు 300 చదరపు అడుగులే. కంచె ఖర్చు ఒకటే, నేల మాత్రం తగ్గింది. తాడు పొడవు మారకుండా నేల ఎందుకు తగ్గిందో చెప్పమనండి. వెంటనే చెప్పలేకపోయినా పరవాలేదు. ఆ రాత్రి పడుకున్నాక కూడా ఆలోచిస్తాడు.

పెద్ద తరగతి పిల్లలకు అగ్గిపెట్టెలోనే మంచి ప్రశ్న ఉంది. 2021 డిసెంబరు 1న అగ్గిపెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలయింది. రూపాయి పెట్టెలో 36 పుల్లలు, రెండు రూపాయల పెట్టెలో 50 పుల్లలు ఉన్నాయనుకుందాం. ధర రెట్టింపయినట్టేనా? చాలామంది అవునంటారు. "రెండు రూపాయలకు అప్పుడెన్ని పుల్లలు వచ్చేవి?" అని అడగండి. 72. ఇప్పుడు 50. నిజంగా రెట్టింపయి ఉంటే రెండు రూపాయలకు 36 పుల్లలే రావాలి. కాబట్టి ధర పెరిగింది, రెట్టింపు కాలేదు. పుల్ల ఒక్కంటికి సుమారు 2.78 పైసలున్నది 4 పైసలయింది. అంటే నూటికి సుమారు 44 వంతులు పెరిగింది. నిష్పత్తి, శాతం అనే రెండు పాఠాలు ఒక అగ్గిపెట్టెలో ఇమిడి ఉన్నాయి. గ్రోసుల లెక్కన పెట్టెలు ఎంచిన అవ్వ ఇంట్లో ఉంటే, పన్నెండు డజన్లు నూట నలభై నాలుగు అని ఆమె నోటే చెప్పించండి. గుణకారం అంటే గుంపుల లెక్క అని అవ్వ కంటే బాగా ఎవరు చెప్పగలరు?

ట్యూషను చెప్పే అక్కలకు, అన్నలకు ఒక మాట. "పదిమంది వస్తారు, ఒక్కొక్కరికీ విడిగా ఎలా కుదురుతుంది?" అంటారు. ఎనిమిది మంది ఉంటే తలా పది నిమిషాలు, మొత్తం ఎనభై నిమిషాలు. ఒకరితో మీరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ మెట్టుకు తగిన లెక్కలు చేసుకుంటారు. ఒక్కో పిల్లవాడి పేర ఒక పేజీ పెట్టుకోండి. మార్కులు రాయవద్దు. ఏ తప్పు చేశాడు, ఏం ఆలోచించి చేశాడు అన్నది రాయండి. తప్పు లెక్కను రబ్బరుతో చెరిపించకండి. పక్కనే సరైనది రాయించండి. ముందు వస్తువులతో, తరువాత బొమ్మతో, ఆఖరున అంకెలతో చేయించండి. పాఠం ముగిశాక పిల్లవాడినే టీచరును చేసి, పక్కవాడికి చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమయినట్టు. చెప్పలేకపోతే ఇంకా కూర్చోవాలి.

చదువుకోని తల్లిదండ్రులకు మూడు ప్రశ్నలు చాలు. తమిళం చదవడం రాకపోయినా, తెలుగు లిపి తెలియకపోయినా ఇవి అడగవచ్చు. మొదటిది: ఎలా చేశావు? రెండోది: ఇంకోలా చేయవచ్చా? మూడోది: ఈ జవాబు నమ్మేట్టు ఉందా? జవాబు తప్పయినప్పుడే కాకుండా, ఒప్పయినప్పుడు కూడా అడగండి. తప్పయినప్పుడే అడిగితే ఆ ప్రశ్నే తిట్టులా వినిపిస్తుంది. పిల్లల ముందు "మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావు" అనకండి. "ఆడపిల్లకు ఈ లెక్కలెందుకు" అని అసలే అనకండి. ట్యూషనుకు పంపేముందు అక్కడి టీచరును ఒకటి అడగండి: "మా వాడికి ఎక్కడ ఆగిపోయింది?" అని. పదిరోజుల తరువాత కూడా దానికి జవాబు లేకపోతే, అక్కడ మీ అబ్బాయికి చెబుతున్నది విడి పాఠం కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. భావన వచ్చాక అభ్యాసం అక్కర్లేదని ఎవరూ అనుకోవద్దు. ఎక్కాలు నోటికి రావాలి. పరీక్షలో వేళకు ముగించే వేగం ఉండాలి. ఏడు ఎనిమిదులు ఎంత అని ప్రతిసారీ పుల్లలు లెక్కపెడుతూ కూర్చుంటే పెద్ద లెక్కలో దారి తప్పుతారు. అర్థం తెలిసి చేసే అభ్యాసం నిలుస్తుంది. అర్థం లేని అభ్యాసం పరీక్ష మర్నాటికి పోతుంది. ఇంకొకటి. ఎంత చెప్పినా పిల్లవాడు బోర్డు మీది అంకెలు తప్పుగా ఎక్కించుకుంటుంటే, ముందు కళ్లు పరీక్ష చేయించండి. చెవులు కూడా చూపించండి. కనిపించక, వినిపించక వెనకబడిన పిల్లవాడిని మందబుద్ధి అనడం పెద్ద అన్యాయం.

శ్రోతలారా, మళ్లీ మన అరుగు మీద పాప దగ్గరికి వద్దాం. ఆమె రాసిన ముప్పై ఐదు తప్పే. ఆ తప్పులో ఒక ఆలోచన ఉంది. ఆ ఆలోచనను కొట్టివేస్తే పాప ఆలోచించడం మానేస్తుంది, మనం ఏది రాయమంటే అది రాస్తుంది. పక్కన కూర్చుని వింటే, తనే కట్ట విప్పి ఇరవై ఐదు చూపిస్తుంది. దానికి పట్టేది పది నిమిషాలు. ఇవాళ రాత్రి అన్నం వండే వేళలోనే, మీ ఇంటి పిల్లల నోటుబుక్కు తెరిచి ఒక్క లెక్క మీద వేలు పెట్టి అడిగి చూడండి: "ఎలా చేశావమ్మా?"